రెండు దగ్గుల ఇల్లు

మా ఇంట్లో ఇద్దరికి ఒకే జబ్బు. ఒకరు నేను, ఇంకొకరు మా తమ్ముడు. ఇప్పుడు ఇంట్లో ఒక్క దగ్గే వినిపిస్తోంది, అదీ పొద్దున పూట కాసేపు. ఈ నాలుగు పేజీలు రాయడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి ఆరు నెలలు పట్టింది.

నా పేరు భాగ్య. నలభై మూడేళ్లు. రాయచూరు బజారులో మా నాన్న పెట్టిన గాజుల దుకాణం ఆయన పోయాక నేనే చూసుకుంటాను. తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్న. దేవసూగూరు స్వామికి మొక్కుకుంటే పుట్టాడని సూగూరేశ్ అని పేరు పెట్టారు. ఇంట్లో అందరికీ సూరి. తీన్ కందిల్ దగ్గర చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాడు. పొలాల పహణీలు, ఆదాయం సర్టిఫికెట్లు, ముసలివాళ్ల పింఛను అర్జీలు, ఏ కాగితమైనా సరే, సూరి నింపితే వెనక్కి రాదని పేరు.

మా జబ్బు పుట్టుకతో వచ్చింది. ఊపిరి గొట్టాల లోపల కంటికి కనిపించని సన్నని వెంట్రుకలు ఉంటాయట. అవి చీపురులా కదులుతూ కఫాన్ని పైకి తోస్తూ ఉంటాయట. మా ఇద్దరికీ ఆ వెంట్రుకలు కదలవు. కఫం లోపలే నిలిచిపోతుంది, నిలిచిన చోట పురుగు, అంటే బాక్టీరియా, చేరుతుంది, కొన్నేళ్లకు గొట్టాలే సాగి పాడైపోతాయి. సూరికి అదనంగా గుండె కుడివైపు ఉండేది. బడిలో పరీక్ష చేయడానికి వచ్చిన డాక్టరు ఎడమ పక్క యంత్రం పెట్టి, ఏమీ వినపడక, వాణ్ని రెండుసార్లు దగ్గమన్నాడు. ఆ కథ వాడు కొత్తవాళ్లు ఎవరు కనిపించినా చెప్పి నవ్వించేవాడు.

ప్రతి కొత్త డాక్టరూ అమ్మను ఒకటే అడిగేవాడు, మీది మేనరికమా అని. అమ్మ తన సొంత మేనమామనే చేసుకుంది. "అవును సార్" అని తల దించుకునేది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

గాజులు తొడగడం చేతులతో చేసే పని. ఎదుటి మనిషి చేయి మన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు దగ్గరికి ఒత్తి, బొటనవేలి ఎముక దగ్గర మెల్లగా జారించాలి. అంత దగ్గరగా కూర్చున్నప్పుడు నాకు దగ్గు తెర వస్తే ఆ చేయి వెనక్కి వెళ్లిపోయేది. కరోనా తర్వాత మరీ. కొందరు మర్యాదకు "మళ్ల వస్తం" అని లేచేవాళ్లు. నేను పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని బలవంతం పెట్టే ధైర్యం అమ్మకు లేదు.

రెండేళ్ల కిందటి శ్రావణంలో ఇదంతా ముదిరింది. గాజులకు శ్రావణమే పెద్ద సీజను. శుక్రవారం, దుకాణం నిండా ఆడవాళ్లు. డజను ఎర్ర గాజులు విప్పుతూ ఉండగా కళ్లు చీకట్లు కమ్మాయి. లేచేసరికి పక్క దుకాణం ముసలాయన ఖాజాసాబ్ నా ముఖం మీద నీళ్లు చల్లుతున్నాడు. "బేటీ, ముందు దవాఖానకు పో. దుకాణం నేను చూస్త" అన్నాడు. నేను ఆస్పత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ ఆ మనిషి రోజూ సాయంత్రం మా దుకాణం తాళం లాగి చూసి వెళ్లేవాడట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

కఫం పరీక్ష రిపోర్టు వచ్చింది. ఒక పక్క మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. దాదాపు ప్రతి పేరు ఎదురుగా ఒకటే అక్షరం. ఈ మందుకు లొంగదు అని దానికి అర్థం. డాక్టరు వేలు కిందికి జరుపుతూ పోయి, చివరి పేరు దగ్గర ఆగాడు. ఆ ఒక్కటి పనిచేస్తుంది, కానీ కిడ్నీలను దెబ్బ తీస్తుందన్నాడు. వేరే దారి లేక అదే ఎక్కించారు. పదో రోజుకు పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. మందు ఆపేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు సూరిని గది బయటికి పిలిచి మాట్లాడాడు. వాడు లోపలికి వచ్చి, "ఏం లేదక్కా, మంచిగ తినాల్నంట" అన్నాడు. వాడి చేతిలో రిపోర్టు నాలుగు మడతలు పడి ఉంది.

సూరి కఫంలో కూడా ఆ పురుగే ఉండేది. కానీ అప్పటికి వాడికి ఇంకా రెండు మందులు పనిచేస్తున్నాయి. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ సెంటర్ మూసి నేరుగా ఆస్పత్రికి వచ్చేవాడు. ఒకరోజు వరండాలో మా మరదలు, సూరి భార్య కవిత గొంతు వినపడింది. కవితది మక్తల్. నదికి అవతలి ఊరే. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"నీకు గూడ అదే జబ్బని యాదుందా?" అంటోంది. "ఈ వార్డుల గంటలకొద్ది కూసుంటే నీకు మంచిగైతదా?"

"మా అక్క ఒక్కతే ఉన్నది గద" అన్నాడు వాడు.

"నేను గూడ ఒక్కదాన్నే" అంది కవిత.

నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

కార్తీకంలో ఒక ఆదివారం సూరి కాగితాల కట్ట పట్టుకుని నా మంచం దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, పురుగులకు గూడ రోగం వస్తదంట" అన్నాడు.

"ఏం రోగం?"

"వైరస్. మనుషులను ఏం జెయ్యదు. మొక్కలను ఏం జెయ్యదు. ఒక్క జాతి పురుగునే పట్టి చంపుతది. మందుకు లొంగనిదాన్ని గూడ చంపుతది. బెంగుళూర్ల ఒక ల్యాబ్ వాళ్లు చేస్తున్నరు. నేను రాసిన, జవాబిచ్చిన్రు."

వాడు చెప్పింది నాకు అర్థమైనంత ఇది. ఫేజ్ అంటారట ఆ వైరస్‌ను. తాళానికి తాళంచెవిలా, ఒక్కో పురుగుకు ఒక్కో ఫేజ్ కుదరాలి. పేరు ఒకటే అయినా నా ఊపిరితిత్తుల్లో ఉన్న పురుగు వేరు, వాడి దాంట్లో ఉన్నది వేరు. నాకు సరిపోయింది వాడికి సరిపోవాలని లేదు. కఫం పంపితే దాని మీద వేసి చూస్తారు. దొరికితే దొరికింది, లేకపోతే లేదు. ఫేజ్‌లు ఎక్కువగా ఉండేది పురుగులు ఎక్కువగా ఉండే చోటనే, అంటే మురుగునీళ్లలో.

అమ్మ అప్పటిదాకా గుమ్మం దగ్గర జొన్నలు చెరుగుతోంది. చాట ఆపింది.

"మోరీ నీళ్లా?"

"కడిగి, వడగట్టి, మల్ల కడిగి ఇస్తరమ్మా. నీళ్లు కనపడను గూడ కనపడవు."

"దాని ఊపిరిల మోరీ నీళ్లు పోస్తరా" అని అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఉదయం సూరి రెండు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాడు. నేను ఒకదాంట్లో ఉమ్మాను. వాడు నా ఎదురుగానే నిలబడి, వంగి, ముఖం ఎర్రబడేదాకా దగ్గి, రెండోదాంట్లో ఉమ్మి మూత బిగించాడు. ఒకదాని మీద నా పేరు, ఒకదాని మీద వాడి పేరు రాశాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, "పోయినయి అక్కా, మనిద్దరివి" అన్నాడు.

అది అంతటితో అయిపోలేదు. మన ఊరి పురుగుకు మన ఊరి నీళ్లలోనే ఫేజ్ దొరుకుతుందేమో అని వాడికి పట్టుకుంది. ల్యాబ్ వాళ్లు సీసాలు ఎలా నింపాలో ఫోనులో చెప్పారు. చలికాలమంతా స్కూటర్ మీద తిరిగాడు. దేవసూగూరులో కృష్ణ రేవు దగ్గర ఒకటి, చిక్కసూగూరు కాలువలో ఒకటి, రాయచూరులో ఒక ఆస్పత్రి వెనక మోరీలో ఒకటి. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పేర్చి రైల్లో తనే బెంగళూరుకు తీసుకెళ్లేవాడు. ఒకసారి మోరీ దగ్గర మున్సిపాలిటీ మనిషి పట్టుకుని ఏం కలుపుతున్నావని నిలదీశాడట. "కలుపుతలేను అన్నా, ముంచుకుంటున్న" అంటే ఆయన పిచ్చివాడనుకుని వదిలేశాడని చెప్పి నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. కవిత నీళ్లు తెచ్చి ఇచ్చింది.

శివరాత్రి వెళ్లిన రెండో రోజు ల్యాబ్ నుంచి సుజాత మేడమ్ ఫోను చేశారు. నా పురుగుకు ఫేజ్ దొరికింది, అది కూడా ఆస్పత్రి వెనక మోరీ నీళ్లలో. సూరి ఫోనులో ఫోటో చూపించాడు. గాజు గిన్నెలో పాలమీగడ లాంటి పల్చటి పొర, దాని మీద గుండ్రటి చిల్లులు. పొర పురుగు, చిల్లులు ఫేజ్ తిన్న జాగా. నేను ఆ చిల్లులను చాలాసేపు చూశాను.

"మరి నీది?"

"చూస్తున్నరు. ఇంక దొరకలే."

"నీది గూడ దొరకనీ. ఇద్దరం ఒకటేసారి తీసుకుందాం."

"అక్కా, నీ పురుగు వేరే, నా పురుగు వేరే. నీ మందు నాకు పనికిరాదు. నువ్వు వద్దంటే అది ల్యాబ్‌ల పడి ఉంటది, అంతే. నాకేం కలిసొస్తది?"

వాడు చెప్పింది న్యాయంగానే ఉంది. నేను ఒప్పుకున్నాను. ఆ రోజు అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. తర్వాత ఒకసారి నాతో ఆటోలో ఆ మోరీ పక్కగా వెళుతూ, అలవాటుగా కొంగు ముక్కుకు పెట్టుకుని, ఏమనుకుందో మెల్లగా తీసేసింది.

ఆ మందు బజారులో అమ్మేది కాదు. వేరే దారి లేని రోగికి మాత్రమే ప్రత్యేక అనుమతితో ఇస్తారు. ఆ కాగితాలన్నీ సూరే నింపాడు. ఉగాది అయ్యాక అమ్మా నేనూ బెంగళూరు వెళ్లాం. ఐదు వారాలు ఉన్నాం.

ఆ ఆస్పత్రి వెయిటింగ్ హాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నీలం కుర్చీలు, గోడ మీద శబ్దం లేని టీవీ, తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి తలలూ ఒకేసారి లేవడం. దగ్గేవాళ్లకు దగ్గేవాళ్లను చూస్తే సిగ్గు ఉండదు. అక్కడ నేను మొదటిసారి నోరు మూసుకోకుండా దగ్గాను. పక్క కుర్చీలో గోరేబాళ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, భర్తను డాక్టరుకు చూపించడానికి వచ్చింది. వరి సాగు, కాలువ కింద క్యాంపుల్లో స్థిరపడిన ఆంధ్రావాళ్లు. మా మాట విని తెలుగువాళ్లమని సంతోషపడింది.

"మాది సింధనూరు దగ్గరేనండి. ఇదిగో, వేణ్ణీళ్లు తాగమ్మా, గొంతు సర్దుకుంటుంది" అని ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చింది. ఆ తర్వాత ఆమె ఉన్న నాలుగు రోజులూ ఫ్లాస్కు నాకూ, వాళ్లాయనకూ మధ్య కుర్చీలోనే ఉంది.

డాక్టరమ్మ కన్నడంలో మాట్లాడేది. ఆమె కూడా అమ్మను అదే అడిగింది, మేనరికమా అని. అమ్మ తల దించుకుంది. ఆమె రాయడం ఆపి, కలం కింద పెట్టి, "అమ్మా, ఇటు చూడండి. మీరు చేసిన తప్పు ఏమీ లేదు. మీకు తెలిసే అవకాశం లేదు" అంది. నలభై ఏళ్లలో ఆ మాట అన్న డాక్టరు ఆమె ఒక్కతే. అమ్మ బయటికి వచ్చి నీలం కుర్చీలో కూర్చుని కొంగులో ముఖం దాచుకుంది.

మందు నీళ్లలాగే ఉంది. రంగు లేదు, వాసన లేదు. యంత్రంలో పోస్తే ఆవిరవుతుంది, పొద్దున, సాయంత్రం ముఖానికి మూత పెట్టుకుని పీల్చాలి. మొదటి రోజు సాయంత్రానికి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకున్నాయి. పురుగు చస్తే ఇలా కావచ్చని నర్సు చెప్పింది. నేను చస్తున్నానని నాకు అనిపించింది. మూడు రోజులకు జ్వరం దిగింది. రెండో వారం ఏమీ తేడా లేదు. మూడో వారంలో ఒక పొద్దున ఉమ్మి చూస్తే ఎప్పుడూ పచ్చగా ఉండే కఫం తెల్లగా ఉంది. అమ్మకు చూపించాను. అమ్మ కిటికీ వెలుగులో పెట్టి మళ్లీ చూసింది. అదే రోజు క్యాంటీన్ నుంచి పోపు వాసన వచ్చింది నాకు. వాసనలు తెలియడం ఎప్పుడు ఆగిపోయిందో కూడా నాకు గుర్తు లేదు.

పురుగు పూర్తిగా పోలేదు, ఈ మాట అందరికీ చెప్పాలి. ఫేజ్ దాన్ని చాలావరకు చంపింది, మిగిలింది బలహీనపడి పాత మందులకు మళ్లీ లొంగింది. పాడైన గొట్టాలు బాగుపడవు. కానీ ఇంటికి వచ్చాక మేడ మెట్లు ఆగకుండా ఎక్కాను. సూరి కింద నిలబడి లెక్కపెడుతున్నాడు. పైకి చేరాక చప్పట్లు కొట్టాడు. వాడి వెనక కవిత నిలబడి ఉంది. చూసి, లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు నా మీద ఎందుకంత కినుకో నాకు తెలియలేదు. వార్డులో విన్న మాటల వల్లే అనుకున్నాను.

దసరా నుంచి వాడికి తిరగబెట్టింది. పనిచేస్తున్న రెండు మందుల్లో ముందు ఒకటి ఆగింది, దీపావళికి రెండోది కూడా. "ల్యాబ్ వాళ్లు ఏమన్నరు?" అని నేను అడిగినప్పుడల్లా ఒకటే మాట, "చూస్తున్నరక్కా." నేను కూడా చూస్తూనే ఉన్నారనుకున్నాను. ఏడాదిగా దొరకనిది ఇక దొరకదేమో అని కూడా లోపల అనుకున్నాను, బయటికి అనలేదు.

సంక్రాంతి వెళ్లేసరికి ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వచ్చింది. గొట్టం వంటింటి దాకా అందేది. వాడు ఆ గొట్టంతోనే వంటింటి గుమ్మంలో కూర్చుని కవితతో కబుర్లు చెప్పేవాడు. ఆమె రొట్టెలు కొడుతూ ఊ కొట్టేది. నేను వస్తే ఇద్దరూ మాట మార్చేవాళ్లు.

మాఘంలో ఆస్పత్రిలో చేర్చాం. నేను రెండేళ్ల కింద పడుకున్న వార్డే. చివరి వారం కూడా ముఖానికి మాస్కు పెట్టుకునే ఎవరిదో విధవా పింఛను అర్జీ ఫోనులో నింపాడు. ఒక మధ్యాహ్నం మాస్కు పక్కకు జరిపి ఫోను నా చేతికి ఇచ్చాడు.

"ఇది బంద్ చెయ్యకు అక్కా. సర్టిఫికెట్ల వాళ్లు ఫోన్ చేస్తరు. అర్జీ నంబర్ అడిగితే చెప్పు. పాపం, తిరుగుతుంటరు."

"నువ్వే చెప్దువు లే."

"ఆ, నేనే చెప్త" అని మాస్కు మళ్లీ పెట్టుకున్నాడు.

మరో రెండు రోజులకు, భోజనం వేళప్పుడు పోయాడు. అమ్మ పాదాల దగ్గర, కవిత తల దగ్గర. నేను మందుల దుకాణంలో వరుసలో నిలబడి ఉన్నాను. పరుగెత్తుకుని మెట్లెక్కి వచ్చాను. ఆయాసం రాలేదు.

పెద్దకర్మ అయ్యాక కవిత పుట్టింటికి వెళ్లింది. వెళ్లేటప్పుడు అమ్మ కాళ్లకు మొక్కింది. నా దగ్గరికి వచ్చి, ఏదో అనబోయి, సంచి ఎత్తుకుంది.

చైత్రంలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, దుకాణంలో కూర్చుని ఉండగా సూరి ఫోను మోగింది. సర్టిఫికెట్ వాళ్లనుకున్నాను.

"సూగూరేశ్ సార్ ఇద్దారా?", ఉన్నారా అని, కన్నడంలో ఒక ఆడగొంతు, చాలా సంతోషంగా. సుజాత మేడమ్. "చెప్పండమ్మా ఆయనకు, దొరికింది. వేరే ఊరి నీళ్లలో దొరికింది. రెండుసార్లు చేసి చూశాం, బాగా పట్టింది."

దుకాణంలో ఒక తల్లీకూతుళ్లు ఉన్నారు. నేను వాళ్లకు సైగ చేసి వెనక్కి వెళ్లి, సూరి పోయాడని చెప్పాను.  ఆమె ఏడుస్తూనే మాట్లాడింది.

"మాకు ఎవరూ చెప్పలేదమ్మా. ఆయన శాంపిల్ మాకు కిందటి మే నెలాఖరులో వచ్చింది. అప్పటి నుంచీ ఆపకుండా చూస్తూనే ఉన్నాం."

"మే కాదు మేడమ్" అన్నాను. "అంతకుముందు కార్తీకంలో. నాదీ వాడిదీ కలిపి పంపాడు."

కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"అప్పుడు ఒకటే వచ్చిందమ్మా. మీది. మేం కొద్దిమందిమే, ఒకటి ముందు, ఒకటి తర్వాత చేస్తాం, కానీ రెండూ పంపండి, ఫ్రీజర్‌లో పెట్టుకుంటాం అని చెప్పాను. మా అక్కది తేలనీ, అప్పుడు పంపుతా అన్నారు. రెండు ఉంటే మా దృష్టి రెండు దిక్కుల పోతుందని ఆయన భయం. మీకు తెలుసనుకున్నాను."

నేను అడగకుండా ఉండలేకపోయాను. "అప్పుడే పంపి ఉంటే బతికేవాడా?"

"చెప్పలేనమ్మా" అందామె. "నిజంగా చెప్పలేను."

ఆమె మళ్లీ నాలుగు రోజులకు ఫోను చేసింది. సూరి పురుగు లాంటిది ఇంకెవరికైనా ఉంటే ఈ ఫేజ్ పనికొస్తుందట. అతని పురుగునూ దీన్నీ దాచిపెట్టుకోవడానికి ఇంటివాళ్ల సంతకం కావాలి, భార్యది అయితే మంచిది. కాగితం పంపింది. పోస్టులో వేయవచ్చు. నేనే తీసుకెళ్లాను.

బస్సు దేవసూగూరు దాటి కృష్ణ వంతెన ఎక్కింది. నదిలో బండలు తేలి, నీళ్లు మడుగులు మడుగులుగా ఉన్నాయి. మక్తల్‌లో కవిత వాళ్ల నాన్న తలుపు తీసి, మంచినీళ్లు ఇచ్చి, బయటికి వెళ్లిపోయాడు. కవిత ఎదురుగా కింద కూర్చుంది. చిక్కిపోయింది. కాగితం చదివింది. కింద తెలుగులో సంతకం పెట్టింది. నేను ల్యాబ్ ఆమె చెప్పింది చెప్పబోయాను.

"నాకు తెల్సు వదినా" అంది. "ఆ డబ్బా కట్టింది నేనే. రెండోది ఏదంటే, నాది మోరీల పారబోసిన అన్నడు. మా అక్క మంచిగైందాక ఎవ్వరికి చెప్పొద్దని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకున్నడు."

"నాకు చెప్పాల్సి ఉండె, కవితా."

"చెప్తే నువ్వు ఆ మందు ముట్టకపోతుంటివి. ముట్టకుంటే ఆయన నన్ను ఇడుస్తుండెనా?"

ఫ్యాను తిరుగుతోంది. నన్ను తిట్టమన్నాను.

"నిన్ను తిట్టి ఏం జెయ్యాలె." ఆమె కాగితాన్ని మడిచి నాకు ఇచ్చింది. "నువ్వు వచ్చి గంటయింది. ఒక్కసారి గూడ దగ్గలే. అదే నాతోని అయితలేదు. మంచిగైనవని సంతోషమే. కానీ చెవి ఊకుంటలేదు, ఆయన దగ్గుకు ఆగి వింటది."

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లింది. జొన్నరొట్టె, పుండికూర తెచ్చి నా ముందు పెట్టింది. నేను తినేదాకా పక్కనే కూర్చుంది. బస్సు దాకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. "అమ్మను జరా చూసుకో" అంది. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి తనే ఫోను చేస్తుంది. అమ్మతో ఎక్కువసేపు, నాతో కొంచెం.

అమ్మకు నేను ఈ సంగతి చెప్పలేదు. తనకు తెలుగు చదవడం రాదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫేజ్ మందు అందరికీ దొరకదు, అందరికీ పనిచేయదు. నాకు చేసింది. దుకాణంలో కూర్చుంటున్నాను, గాజులు తొడుగుతున్నాను, చేతులు వెనక్కి పోవడం లేదు. నాలాంటి జబ్బున్నవాళ్లు మందులకు పురుగు లొంగడం మానేశాక కాదు, ఇంకా రెండు పనిచేస్తుండగానే అడగడం మొదలుపెట్టండి. దొరకడానికి నెలలు పడుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు రోగులు ఉంటే ఇద్దరి డబ్బాలూ ఒకే రోజు పంపండి. మీకంటే చిన్నవాళ్లు నాది కూడా పోయింది అని చెబితే నమ్మకండి. రసీదు చూపించమనండి.